ఏడో తెడ్డు చివరి కాగితం

మా నాయన రాసిన నాటకాన్ని సినిమాగా తీస్తానని ప్రణీత్ అనే యువకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. నెల్లూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, ఆ నాటకాన్ని నాకు బొమ్మలతో వివరించాడు. నా చేత్తో నేను ఎన్నోసార్లు నకలు రాసిన నాటకం అది. అయినా విన్నాను. జీవితమంతా పత్రికలో పనిచేసినవాడికి అబ్బే విద్యల్లో ముఖ్యమైనది తెలిసిన సంగతిని తెలియనట్టు వినడం. ఇండిపెండెంట్ సినిమా అంటే ఏమిటని అడిగాను. "ఎవరి మాటా వినక్కర్లేని సినిమా సార్" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఎవరెవరి మాట వినవలసి వస్తున్నదో చెప్పాడు. ముంబైలో ఒక స్క్రిప్టు వర్క్‌షాపులో రెండో అంకం తీసెయ్యమన్నారట. విదేశీ సినిమా పండుగలకు పంపాలంటే సముద్రం ఇంకా ఎక్కువ కనిపించాలన్నారట. నిర్మాత భార్యకు మాత్రం చివరి దృశ్యం బాగా నచ్చిందట. అది అందరికీ నచ్చిందనీ, అది లేకపోతే ఈ సినిమాయే లేదనీ అన్నాడు.

"ఆ నిశ్శబ్దం సార్! అన్నేళ్ల కిందట, ఒక పల్లెటూళ్లో కూర్చుని, చివర్లో ఒక్క మాట కూడా వద్దని మీ నాన్నగారు అనుకున్నారంటే, ఆయన జీనియస్."

ఆ మాట చెప్పి అతను నా ముందుకు ఒక కాగితం జరిపాడు. కథ, మాటలు, చివరనున్న నిశ్శబ్ద దృశ్యంతో సహా సర్వమూ మా నాయన సొంత సృష్టి అని, వారసుడిగా నేను ధ్రువీకరించాలి. సంతకం చోట పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టి ఉంచాడు. ఆధారంగా జత చేసిన కాగితం ఒక పాత పత్రికా వ్యాసం నకలు. నాయన పోయిన వారానికి అచ్చయిన వ్యాసం. తెలుగు నాటకంలో మౌనానికి ఆయన ఎంత గొప్ప స్థానం ఇచ్చాడో అందులో మూడు కాలమ్‌ల మేర రాసి ఉంది. రాసింది నేనే.

రెండు రోజులాగి రమ్మన్నాను. అసలు రాతప్రతి ఉంటే వెతికి ఉంచమని చెప్పి వెళ్లాడు. వెతకవలసిన పని లేదు. ఇనప్పెట్టె అడుగున నోటుబుక్కు ఎక్కడుందో, దాని కింద నా డిగ్రీ నాటి వృక్షశాస్త్రం పుస్తకం ఎక్కడుందో, ఆ పుస్తకంలో ఏ పేజీల మధ్య ఏ కాగితం ఉందో నాకు తెలుసు. పెట్టె తెరవగానే కర్పూరం ఉండల వాసన, దాని కింద ఇంకా పోని ఫినాయిలు వాసన. మా నాయన వాసన అది.

ఆయన ఇందుకూరుపేట పక్కన మా ఊళ్లో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు కాబట్టి మిగిలిన అయిదు రోజులూ ఊరు ఆయన్నే డాక్టరు గారూ అనేది. ఆయన ఎప్పుడూ కాదనలేదు. రానురాను తన కోసం మిగిలిన ఏ గౌరవాన్నయినా కాదనకుండా తీసుకోవడం ఆయనకు అలవాటయిపోయింది. సాయంత్రం వచ్చి, గాబు దగ్గర ఎర్రసబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, పంచె మార్చి, వసారాలో వాలుకుర్చీ వేసుకుని రాసేవాడు. ఆ రెండు గంటలూ ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. మా అమ్మ సరిగ్గా అప్పుడే రోట్లో పచ్చడి నూరేది. "ఏమే, ఇప్పుడే దొరికిందా?" అని ఆయన కేకేస్తే, "గొడ్లకు మందు పోసే గొట్టంతోనే మనుషులకు మాటలు పోస్తుండాడు మీ నాయన. మింగేవాళ్లు మింగుతారు, నా పచ్చడేం చేసింది?" అని నాతో అనేది. ఆమె చదివింది రెండో తరగతే. మా నాయన నాటకాల మీద నేను చదివిన సమీక్షలన్నిటిలోకీ అదే మేలైనది.

సముద్రం మాకు దగ్గరే. మైపాడు ఒడ్డుకు సైకిలు మీద ఎదురుగాలిలో కూడా ముక్కాలు గంట పట్టదు. అయినా నాయన కార్తీక స్నానాలకు తప్ప అటు వెళ్లి ఎరగడు. సముద్రం గురించి ఆయనకు తెలిసినదంతా మామిడికాయ వేసిన చేపల పులుసు దాకానే. అట్లాంటి మనిషి గంగపుత్రుల కన్నీటి గాథ రాయాలని పూనుకున్నాడు. ఆ ఏడాది పరిషత్తుల నాటక పోటీల్లో పేదల నాటకాలకు బహుమతులొస్తున్నాయని ఎవరో చెప్పారు. రైతుల మీద అప్పటికే అందరూ రాసేశారు. అందుకని ఈయన జాలర్లను పట్టుకున్నాడు. నాటకంలో పడవ మీద వెళ్లిన ఏడుగురిలో ఆరుగురు తిరిగొస్తారు, ఏడో తెడ్డు మాత్రం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. నాటకం పేరు 'ఏడో తెడ్డు'. చివరి దృశ్యంలో ఏడోవాడి భార్య ఆ తెడ్డును గుండెకు హత్తుకుని సముద్రాన్ని రెండు పేజీలు నిలదీస్తుంది. 'ఓ జలధీ, నీ గర్భమున దాగిన వేదనను అడుగుచున్నాను' అని మొదలయ్యేది. చేపలమ్ముకునే మనిషి అలా మాట్లాడదని ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు. వేషాలు వేసేవాళ్లలో ఒకరు రైస్ మిల్లు గుమస్తా, ఒకరు పోస్టుమాన్. ఆదివారం మధ్యాహ్నాలు మా వడ్ల కొట్లో, బస్తాల దుమ్ములో, తెల్ల బనీన్లతో తెడ్లు ఊపుతూ రిహార్సల్ చేసేవాళ్లు. పోస్టుమాన్‌కు పొగాకు వాసన, గుమస్తాకు తవుడు వాసన. చేపల వాసన మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నాకు పంతొమ్మిదేళ్లు. నెల్లూరులో బీయస్సీ చదువుతూ రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాయన నన్ను పోర్షన్లు రాసే పనికి పెట్టాడు. ఇప్పటివాళ్లకు చెప్పాలి. నాటకం మొత్తం ఒకే ఒక్క నోటుబుక్కులో ఉండేది, అది నాయన దగ్గరే ఉండేది. నటులకు ఎవరి మాటలు వారికే విడిగా రాసిచ్చేవాళ్లం. ఎదుటివాడి మాటల్లో చివరి రెండు ముక్కలు, దాని కింద నీ డైలాగు. అంతే. దాన్ని పోర్షన్ అనేవాళ్లు. నాటకం మొత్తం ఏమిటో తెలియకుండానే దాంట్లో ఏళ్ల తరబడి వేషం వేసినవాళ్లున్నారు. నాయనకు ఇంకొక గొప్ప ఉండేది. తమ నాటకానికి ప్రాంప్టింగ్ ఉండదు. పక్క తెర వెనక నిలబడి మాట అందించేవాడు లేకుండా ఆడే సమాజం జిల్లాలో తమదొక్కటేనని కరపత్రంలో వేయించేవాడు. ఆ గొప్ప ఎవరికి ఎలా తగిలిందో తర్వాత చెబుతాను.

ఆడవేషానికి నెల్లూరు నుంచి కాంతమ్మను పిలిపించేవాళ్లు. కరపత్రంలో 'మిస్ కాంత' అని వేసేవాళ్లు. ఆమెకు అప్పటికే అయిదేళ్ల కొడుకున్నాడు. వయసు ముప్ఫై లోపు. సొంతూరు పులికాటు ఒడ్డున, శ్రీహరికోట పక్క పల్లె. తల్లి చేపల గంప మోసిన మనిషి. మొత్తం నాటక సమాజంలో ఉప్పునీళ్లు ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెను ఆ సంగతి ఒక్కరూ అడగలేదు. రిహార్సల్ రోజున మగవాళ్లకు వసారాలో విస్తళ్లు వేసేవాళ్లు, ఆమెకు పెరటి గుమ్మం దగ్గర. ఆమె తాగే గ్లాసు గూట్లో విడిగా ఉండేది. దానికి కాంత గ్లాసు అని పేరు పడిపోయి, ఆమె రాని రోజుల్లో కూడా ఎవరమూ దాన్ని ముట్టుకునేవాళ్లం కాదు. రంగస్థలం మీద ఆమె కాళ్ల మీద పడి ఏడ్చే గుమస్తా, కింద ఆమె చేతి తమలపాకు కూడా తీసుకునేవాడు కాదు. పేదల నాటకం ఆడుతున్నామని వీళ్లంతా మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను.

ఆమె పరిషత్తుకు ముందు రెండే రిహార్సళ్లకు వచ్చేది. రెండో ఆదివారం, తన పోర్షన్‌లో చివరి రెండు పేజీలు పెదవులు కదుపుతూ నింపాదిగా చదువుకుని, నాయన వైపు తిరిగింది.

"అయ్యా, ఈ మాటలన్నీ ఆమె ఎవురితో చెప్తాది?"

"సముద్రంతో."

"సముద్రంతో ఇంతసేపా? మా అమ్మ ఇంతసేపు మాట్లాడుంటే మా నాయన పడవ దాకా పోను పన్లేదు, ఒడ్డుమీదే సచ్చుండేవాడు."

వడ్ల కొట్టు ఘొల్లుమంది. పోస్టుమాన్ చేతిలో తెడ్డు జారి కింద పడింది. నాయన నవ్వలేదు. ఆమె నవ్వాపి, కొంచెం మెల్లగా చెప్పింది.

"ఎగతాళికి కాదయ్యా. చేపలమ్మే ఆడది తెడ్డు పట్టుకోని కూకోదు. తెల్లారితే గంప ఎత్తాల. నిండు గంప నెత్తిమీదికి రావాలంటే ఇంకొకరు చెయ్యెయ్యాల. మా నాయన పోయినప్పుడు మా అమ్మ మూడురోజులు బాగానే ఉండింది. నాలుగోనాడు గంప కాడ వొంగి, పక్కకి చూసింది. ఆడెవురూ లేరు. అప్పుడు తెలిసింది ఆమెకి."

నాయన ముక్కుపొడి పీల్చుకుని, "నువ్వు యాక్ట్ చేసేదానివా, రాసేదానివా?" అన్నాడు.

"యాక్ట్ చేసేదాన్నేనయ్యా."

"అయితే అది చెయ్యి."

ఆ విషయం అక్కడితో అయిపోలేదు. ఆమె మాట నాయనను నాలుగు రోజులు కుట్టింది. దానికి జవాబుగా ఆయన చివరి ప్రసంగాన్ని ఇంకా పొడిగించాడు. రెండు పేజీలు మూడయ్యాయి, ఒక సీసపద్యం చేరింది. పరిషత్తుకు ముందురోజు నాకు దాన్ని చెప్పి రాయించి, కాంతమ్మ మా దగ్గరే ఉంచి వెళ్లిన పోర్షన్‌లో పాత మాటలు ఎర్రసిరాతో కొట్టేసి, ఈ కొత్త కాగితం జతచేసి, పొద్దున్నే నెల్లూరు బస్టాండులో, పరిషత్తు జరిగే ఊరికి బస్సెక్కేలోగా ఆమెకు ఇమ్మన్నాడు. పాతది కొట్టేశాను. కొత్త కాగితం మడిచి వృక్షశాస్త్రం పుస్తకంలో పెట్టుకున్నాను. ఆ పొద్దున బస్టాండులో నా స్నేహితులిద్దరు సినిమాకు టికెట్లు కొనడానికి నా కోసం నిలబడి ఉన్నారు. పుస్తకాల సంచీ బయటి బెంచీ మీద వాళ్ల దగ్గరే వదిలేసి, లోపలికి వెళ్లి ఆమెకు పోర్షన్ అందించాను. ఆమె వెంటనే చివరి పేజీ తిప్పి చూసింది.

"ఇదంతా కొట్టేసుండాదే అబ్బయా. మరి ఈడేముంది?"

కాగితం సంచీలో ఉంది. వెళ్లి తెచ్చి, ఆమె పెదవులు కదుపుతూ మూడు పేజీలూ చదివి అర్థాలు అడిగేదాకా నిలబడితే సినిమా మొదలైపోతుంది. "అక్కడేం లేదక్కా. నాయన తీసేసినాడు" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోవడం చూశాను. "తీసేసినాడా! నా మాట పట్టించుకున్నాడా మీ నాయన?"

"ఊ" అన్నాను. సినిమాకు వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం పరిషత్తులో మాది మూడో నాటకం. హాలు వెనక కాంతమ్మ, నాటకం సామాను చూసేవాణ్ని పిలిచి, మొదటి అంకంలో వాడే గంపలో ఇటుకలు వేయించడం నేను చూశాను. ఖాళీ గంప ఎత్తితే చూసేవాళ్లకు తెలిసిపోతుందని వాడితో అంటోంది. అప్పటికి నాకు కాగితం గుర్తొచ్చింది. ఇంకా గంటకు పైగా సమయముంది. పుస్తకం నా చంకలోనే ఉంది. వెళ్లి ఇవ్వవచ్చు. ఇస్తే పొద్దున చెప్పింది అబద్ధమని తేలుతుంది. పంతొమ్మిదేళ్ల వాడికి అది ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రమాదంగా కనిపించింది. ఏదోలా జరిగిపోతుందిలే అనుకుని హాల్లో చివరి వరసలో కూర్చున్నాను.

చివరి దృశ్యంలో అందరూ తప్పుకున్నాక ఆమె ఒక్కతే మిగిలింది. తెడ్డును తీసి గోడకు చేరేసింది, ఇంట్లో చీపురును చేరేసినట్టు. చీర చెంగు తిప్పి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. గంప దగ్గర వంగి, అంచు పట్టుకుని, అలవాటుగా పక్కకు తిరిగింది. ఏదో అనబోయినట్టు నోరు కూడా తెరిచింది. అక్కడ ఎవరూ లేరు. అలాగే వంగి కొంతసేపు ఉండిపోయింది. పక్క తెర వెనక నాయన కాళ్లు నాకు కనిపిస్తున్నాయి. ఒక అడుగు ముందుకు, ఒకటి వెనక్కు వేస్తున్నాయి. మాట అందించేవాడు లేడు. ఉండడని కరపత్రంలో వేయించుకున్నాడు కదా. ఆమె ఒక మోకాలు నేలకు ఆన్చి, గంపను తొడ మీదికి లాక్కుని, అక్కడి నుంచి భుజం మీదికి, భుజం మీంచి నెత్తి మీదికి తెచ్చుకుంది. ఇటుకలవి. మెడ నరాలు చివరి వరస దాకా కనిపించాయి. లేచి నిలబడి, చేపలోయ్ అని ఒక్క కేక కూడా వెయ్యకుండా, నడిచి వెళ్లిపోయింది. తెర లాగేవాడు లాగడం మరిచిపోయాడు. హాల్లో చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

నేను మేకప్ గదికి వెళ్లేసరికి నాయన అరుస్తున్నాడు. "పోర్షన్ మింగేసినావు గదా! మూడు పేజీలు! సీసపద్యం! నా నాటకాన్ని ముంచేసినావు గదే!"

"తీసేసినారని అబ్బయ్య చెప్పినాడయ్యా" అందామె. ఇంకా రొప్పుతోంది. నుదుటి మీద గంప అంచు గీత పడి ఉంది.

నాయన నా వైపు తిరిగాడు. పోస్టుమాన్, గుమస్తా, అందరూ తిరిగారు. కాంతమ్మ మాత్రం ఏ అనుమానమూ లేకుండా చూస్తోంది.

"నేనట్టా చెప్పలేదు నాయనా. కాగితం ఇచ్చినాను" అన్నాను.

ఆమె తడిగుడ్డ తీసుకుని మొహం తుడుచుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే న్యాయనిర్ణేతల్లో ఒకాయన, కాలేజీలో తెలుగు చెప్పే పెద్దమనిషి, గుమ్మంలోంచి రెండు చేతులూ చాపుకుంటూ వచ్చాడు. "ఏం ముగింపండీ! మాటలన్నీ వదిలేసి, ఆ గంప ఎత్తించారే! అంత ధైర్యం ఎలా వచ్చింది మీకు?" అన్నాడు. నాయన తల వంచి నమస్కారం పెట్టాడు. "ఆ వేదనకు మాటలు చాలవనిపించిందండీ" అన్నాడు. డాక్టరు గారూ అన్నప్పుడు ఎంత నెమ్మదిగా పలికేవాడో అంతే నెమ్మదిగా. ఉత్తమ రచన బహుమతి ఆయనకే వచ్చింది. అది అందుకునేటప్పుడు సమాజమంతా వేదిక మీద నిలబడింది. కాంతమ్మ అప్పటికే ఆఖరి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత 'ఏడో తెడ్డు' జిల్లాలో చాలాచోట్ల ఆడింది. గంప ఎత్తడం ఇంకొకామె చేసేది, ఖాళీ గంపతో. కాంతమ్మను పిలవలేదు. పోర్షన్ మరిచిపోయి, ఆ నింద డాక్టరు గారి కొడుకు మీద వేసిన మనిషని పేరు పడింది. మరిచిపోతుందన్న పేరు వచ్చాక రంగస్థలం మీద మనిషికి మిగిలేదేమీ లేదు. వేరే సమాజాలూ మానుకున్నాయి. నాయనకు నిజం చెప్పడానికి నాకు ఇరవై అయిదేళ్ల పైన సమయం దొరికింది. బహుశా ఆయనకు తెలుసు. పోర్షన్ తిరగేసి చూస్తే కొత్త కాగితం లేదని తెలియకపోదు. ఇద్దరం ఒకే కంచంలో ఆ అబద్ధాన్ని తిన్నాం. ఆ తర్వాత నేను పత్రికలో చేరాను. ఎందరో పెద్దమనుషుల అబద్ధాలను ఆధారాలతో సహా పట్టి ఇచ్చి నిజాయితీపరుడినని పేరు తెచ్చుకున్నాను. నాయన పోయిన వారానికి ఆ మూడు కాలమ్‌ల వ్యాసం రాశాను. మౌనం గురించి చాలా బాగా రాశాను. ఆ విషయంలో నాకు అనుభవం ఉంది.

రెండు రోజుల తర్వాత ప్రణీత్ వచ్చాడు. అతన్ని కారెక్కించుకుని వెంకటాచలం తీసుకెళ్లాను. హైవే పక్కన రేకుల పందిరి కింద టిఫిన్ అంగడి ఉంది. కాంతమ్మదేనని నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. మద్రాసు వెళ్లినప్పుడల్లా ఆ పందిరి ముందు నుంచే వెళ్లాను. ఒక్కసారీ దిగలేదు. దోవలో అతనికి మొత్తం చెప్పాను. వింటూ వింటూ అతను ఫోనులో రాసుకోసాగాడు. "సార్, ఇది అసలు నాటకం కంటే బావుంది. దీన్నే సినిమాలో ఫ్రేమ్ స్టోరీగా, నాటకం చుట్టూ బయటి కథగా పెడితే?" అన్నాడు. అతనికి కూడా ఏ పరిషత్తులోనో ఏదో ఒక బహుమతి తప్పకుండా వస్తుంది.

డెబ్బై అయిదు దాటిన మనిషి స్టూలు మీద కూర్చుని అల్లం తరుగుతోంది. మనవరాలు పొయ్యి దగ్గరుంది. నేను పేరు చెప్పబోయేలోగా కాంతమ్మ, "నువ్వు గాదూ? పేపర్లో ఫోటో చూస్తా ఉంటాలే" అని మనవరాలిని రెండు టీలు పెట్టమంది. గ్లాసు నా చేతికిస్తూ, "ఇది నా గ్లాసు గాదులే, తాగు" అంది.

నేను తాగాను. ఆ తర్వాత, పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు ఇడ్లీలు తింటుండగా, ప్రణీత్ ఎదురుగానే ఆమెకు చెప్పాను. ఆ పొద్దున ఏమీ లేదని చెప్పింది నేనే. ఇచ్చానని ఆ సాయంత్రం అన్నదీ అబద్ధమే.

"అది నాకు తెలిసిందేగా" అంది. "ఈ అబ్బయ్యకు తెలవాలనా?"

ప్రణీత్ చిన్నగా దగ్గి, అమ్మా, ఆ సీను ఒకసారి చూపిస్తారా అని అడిగాడు. తమ సినిమాలో గంప తేలికదే ఉంటుందనీ, బరువు సౌండులో తెస్తామనీ చెప్పాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "బరువు సౌండులో వస్తాదా నాయనా? మంచి కాలమొచ్చింది" అని లేచి, మూలనున్న ఉల్లిపాయల గంపను కాలితో ముందుకు జరిపింది. భుజం మీది తువ్వాలు తీసి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. వంగింది. అంచు పట్టుకుని పక్కకు చూసింది. అన్నేళ్ల కిందటి చూపు, చెక్కు చెదరలేదు. నోరు కూడా అలాగే తెరిచింది. నేను ఎప్పుడు లేచానో తెలియదు. వెళ్లి గంప అంచు కింద చెయ్యి వేశాను.

ఆమె గంప వదిలేసి నడుము నిటారు చేసుకుంది. "ఏందయ్యా నువ్వు! ఈడ చెయ్యి ఉండకూడదు. చెయ్యి లేకపోతేనే గదా సీను! అన్నిసార్లు రాసినావే, ఆ మాత్రం తెలీదా?"

లారీ డ్రైవర్లు నవ్వారు. నేను చెయ్యి తీసేశాను.

ప్రణీత్ తెచ్చిన కాగితాన్ని నేను తీసుకుని, దాంట్లో 'నిశ్శబ్ద దృశ్యంతో సహా' అన్న మాటలు కొట్టేసి, చివరి దృశ్యం కాంతమ్మ గారి సృష్టి అనీ, సినిమాలో ఆమె పేరు నాయన పేరుతో పాటు మొదట్లోనే వెయ్యాలనీ, లేకపోతే నా అనుమతి లేదనీ రాశాను. అతను నిర్మాతతో రోడ్డు మీద నిలబడి చాలాసేపు మాట్లాడాడు. రచయిత పేరు ఒక్కటే ఉంటే బయటి దేశాల్లో బాగుంటుందట, చివర్లో కృతజ్ఞతల్లో వేస్తే చాలదా అన్నారట. చాలదన్నాను. ఇంకో ఫోను చేశాడు. తిరిగొచ్చి సరేనన్నాడు. నా సంతకం పక్కన అతనూ సంతకం పెట్టాడు. కాంతమ్మ అంతా చూస్తూ ఉండి, "మిస్ అని మాత్రం వెయ్యొద్దు" అంది.

ఆ తర్వాత కాగితం తన చేతికి తీసుకుంది. పెదవులు కదుపుతూ మొదటినుంచీ చదివింది. తిప్పి వెనక వైపు చూసింది.

"ఇంకో కాగితం ఏం లేదు గదా, అబ్బయా?"

"ఉందక్కా" అన్నాను. సంచీలోంచి వృక్షశాస్త్రం పుస్తకం తీసి, దాంట్లోని మూడు పేజీలూ ఇచ్చాను. మడతల దగ్గర చిరుగుతున్నాయి. నా గుండ్రటి చేతిరాత మాత్రం చెక్కు చెదరలేదు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని ఓ జలధీ దగ్గర మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. నన్ను అర్థాలు అడగలేదు. సీసపద్యం రెండుసార్లు చదివింది. మనవరాలు ఇద్దరికి దోసెలు పోసి, డబ్బు తీసుకుని, బల్ల తుడిచేంతసేపు చదివింది.

చదవడం అయిపోయాక మడతల మీదే మళ్లీ మడిచింది.

"ఇయ్యకపోవడం మంచిదే అయింది" అంది. "ఇయ్యలేదని ఆ సాయంత్రం మీ నాయనతో చెప్పుంటే బాగుండు."

కాగితాన్ని నా గ్లాసు పక్కన పెట్టి, ఉల్లిపాయల గంప దగ్గరికి వెళ్లింది. ఈసారి మనవరాలిని పిలిచింది. ఇద్దరూ చెరొక అంచూ పట్టుకుని గంపను లోపలికి తీసుకుపోయారు.